నాన్న ఒళ్లు ఊగుతుంటే ముందు గడియారం చూడండి

నాన్నకు పార్కిన్సన్స్ వచ్చి తొమ్మిదేళ్లు. ఉదయం ఏడింటికి లెవోడోపా మాత్ర వేస్తే, ఎనిమిది దాటగానే మెడ, భుజాలు మెలితిరగడం మొదలవుతుంది. జబ్బు ముదిరిందని హడలిపోయాను. కానీ అది వణుకు కాదు, డిస్కినీసియా, అంటే ఒళ్లు తనంతట తానే మెలితిరిగి ఊగడం. వణుకు సాధారణంగా మందు బలం తగ్గినప్పుడు పెరుగుతుంది. ఈ ఊపు చాలామందిలో మందు బాగా పనిచేసే వేళలోనే వస్తుంది. ముందు ఈ తేడా గుర్తుపట్టండి.

ఆరోగ్యమైన మెదడులో, కదలికలకు కావలసిన డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు దాన్ని అదుపుగా వదిలి, మిగిలింది వెనక్కి తీసుకుంటాయి. ఆ కణాలు పోయేకొద్దీ సెరటోనిన్ అనే మరో రసాయనాన్ని వదిలే కణాలు కూడా లెవోడోపాను డోపమైన్‌గా మార్చి వదులుతాయి. వాటికి ఆ అదుపు లేదు. పైగా రక్తంలో మందు సుమారు గంటన్నరలో సగమైపోతుంది. కదలికలను నడిపే స్ట్రయేటమ్‌కు కాసేపు వరద, కాసేపు కరువు! ఏళ్ల తరబడి ఇలా సాగితే అక్కడ డోపమైన్‌ను అందుకునే డీ1 గ్రాహకాలు చిన్న మోతాదుకూ అతిగా స్పందిస్తాయి.

అందుకే ఒక నోట్‌బుక్ పెట్టండి. మాత్ర వేసిన టైమ్, తిన్న టైమ్, ఊపు మొదలైన, ఆగిన టైమ్ రాయండి. పప్పు, గుడ్డు తిన్నదీ రాయండి, ప్రోటీన్ మందుకు అడ్డుపడుతుంది. ఫోన్‌లో వీడియో తీయండి. మా నోట్‌బుక్ చూశాకే డాక్టరుగారు డోసును చిన్నచిన్నగా విడగొట్టి, ఈ ఊపును తగ్గించే అమాంటడిన్ అనే మందు చేర్చారు.

మాత్ర మాత్రం సొంతంగా ఆపకండి. ఒక్కసారిగా ఆపితే ఒళ్లు బిగుసుకుని, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు.