సంఘం రిట్రీట్ ఎలా ఏర్పాటు చేయాలి?

రిట్రీట్ అంటే చర్చి సంఘంవాళ్లు రెండు మూడు రోజులు ఏకాంతంగా ప్రార్థనలో, ధ్యానంలో గడపడం. మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ పేరుతో జరిగేవి చాలావరకు చిన్నసైజు కన్వెన్షన్లే, అంటే సువార్త సభలే. ముగ్గురు ప్రసంగీకులు, పెద్ద సౌండ్ బాక్సులు, రాత్రి పదకొండు దాకా పాటలు. వచ్చినవాళ్లు వచ్చినప్పటికన్నా ఎక్కువ అలసిపోయి ఇంటికి పోతారు. ప్రభువు శిష్యుల్ని ఏకాంతంగా రమ్మన్నది కొంచెంసేపు అలసట తీర్చుకోవడానికి (మార్కు 6:31). మీ ఏర్పాట్లన్నీ ఆ వచనానికి తగ్గట్టు ఉండాలి.

ముందు తేదీ. మే నెల వద్దు, ఆ ఎండలో ఎవరూ ధ్యానం చేయలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు, ఆపైన క్రిస్మస్ పనులు. పొగాకు వేసే ఊళ్లవాళ్లు జనవరి, ఫిబ్రవరిలో ఆకు కాల్చే బ్యారన్లు వదిలి రారు. ఆగస్టు చివర గానీ సెప్టెంబరు గానీ పెట్టుకోండి. గురువారం సాయంత్రం మొదలై శనివారం మధ్యాహ్నం ముగియాలి, ఆదివారం ఆరాధనకు పాస్టర్ అయ్యగారు సంఘంలో ఉండాలి కదా. సెలవు పెట్టుకోవాల్సినవాళ్లకు నెల ముందే చెప్పండి.

ముప్పై మందికి మించి వద్దు. తక్కువమంది వస్తే పెట్టి ఏం లాభం అనేవాళ్లు ఉంటారు. 1854 కొత్త సంవత్సరం ఉదయాన ఒంగోలు ప్రార్థన కొండ మీద మోకరించింది అమెరికన్ బాప్టిస్టు మిషనరీ లైమన్ జూయెట్ దంపతులతో కలిపి అయిదుగురే. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారంటే, దాని వెనక ఆ అయిదుగురి ప్రార్థన ఉంది.

చోటు విషయంలో ఒకటే మాట: మైపాడు, కొత్తపట్నం బీచ్‌లు వద్దు. పిక్నిక్ జనం ఉంటారు, మన కుర్రాళ్లు అలల్లోకి దిగుతారు, పెద్దలకు టెన్షన్. చెట్లు, నీళ్లు, సరిపడా బాత్రూములు, దగ్గర్లో ఆసుపత్రి ఉన్న ఏ ఆవరణైనా చాలు. వంటకు మాత్రం బయటి మనుషుల్ని పెట్టండి. లేకపోతే అమ్మలు, అక్కలు రిట్రీట్ మొత్తం పొయ్యి దగ్గరే గడుపుతారు. పప్పు, కూర, మజ్జిగ ఉంటే చాలు. బిర్యానీ పెడితే మధ్యాహ్నం అంతా నిద్రే.

మొదటి రాత్రి ఆల్‌నైట్ ప్రార్థన పెట్టకండి. చిన్న వాక్యం, ఒక పాట, తొమ్మిదిన్నరకు లైట్లు ఆపేయాలి. బదరీ చెట్టు కింద చచ్చిపోవాలనుకున్న ఏలీయా ప్రవక్తకు దూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతను తిని, తాగి, మళ్లీ పడుకున్నాడు. హోరేబు కొండ దగ్గర దేవుని నిమ్మళమైన స్వరం వినిపించింది ఆ తర్వాతే.

అసలు కష్టం శుక్రవారం మౌనంలో ఉంది. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. "ఇప్పుడు రెండు గంటలు మౌనంగా ఉండండి" అని ప్రకటించి వదిలేస్తే పది నిమిషాలకే గుసగుసలు మొదలవుతాయి. మౌనం అలవాటు చేయాల్సిన పని. ఉదయం నలభై నిమిషాలతో మొదలుపెట్టి, టిఫిన్ తర్వాత రెండు గంటలకు వెళ్లండి. ముందుగానే చెప్పండి: మొదట నిద్ర వస్తుంది, తర్వాత ఇంటి లెక్కలు గుర్తొస్తాయి, ఆ తర్వాత ఎప్పటిదో బాధ పైకి వస్తుంది, ఇవేవీ పాపం కాదు.

ధ్యానానికి ఒక్క భాగమే ఇవ్వండి. 23వ కీర్తన గానీ, లూకా 15లో తప్పిపోయిన కుమారుడు గానీ. అందరి మధ్యా నెమ్మదిగా రెండుసార్లు చదివి పంపండి. చదువురాని పెద్దవాళ్లకు ఒక వచనం నోటికి వచ్చేదాకా పక్కన కూర్చుని చెప్పండి. ఎవరి చెట్టు వాళ్లది, భార్యాభర్తలైనా విడిగానే కూర్చోవాలి. సైలెంట్‌లో పెట్టుకోండి అంటే సరిపోదు, ఫోన్లు పేర్లు రాసిన కవర్లలో తీసుకోండి. అత్యవసరానికి ఒక సంఘ పెద్ద ఫోన్ నంబరు ముందే ఇళ్లల్లో ఇచ్చి ఉంచండి. మైకు అసలు తీసుకెళ్లకండి.

ఎవరో ఒకరు తప్పకుండా ఏడుస్తారు. వెంటనే నలుగురు చుట్టూ చేరి చేతులుంచి గట్టిగా ప్రార్థించడం చాలా తప్పు. ఒక్కరు వెళ్లి కాస్త దూరంలో కూర్చుంటే చాలు. స్త్రీ అయితే స్త్రీయే వెళ్లాలి. అడిగితే ప్రార్థించండి, అడగకపోతే ఊరుకోండి. చెప్పుకున్న మాట సాక్ష్యాల్లోకి (దేవుడు తమకు చేసింది అందరి ముందు చెప్పడంలోకి), మర్నాడు ఊళ్లోకి రాకూడదు. చచ్చిపోవాలని ఉందనో, ఇంట్లో కొడుతున్నారనో చెబితే ప్రార్థించి పంపేయకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, డాక్టరు దగ్గరకో, సాయం చేయగలిగినవాళ్ల దగ్గరకో మీరే వెంట వెళ్లండి.

ఉపవాసం ఎవరికీ తప్పనిసరి చేయకండి. షుగరు, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు, బాలింతలు ఎవరున్నారో పేర్లు రాసుకునేటప్పుడే అడగండి. ఉపవాసం ఉన్నవాళ్లూ నీళ్లు తాగాలి.

మౌనం అవగానే సాక్ష్యాలకు పిలవకండి. భోజనం మాటల్లేకుండా కానివ్వండి. తర్వాత నలుగురేసి కూర్చుంటే, చెప్పాలనుకున్నవాళ్లు చెబుతారు. వంతు వచ్చిందని ఎవర్నీ బలవంతపెట్టకూడదు.

శనివారం ఉదయం ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన), ఆ తర్వాత భోజనం. ఫోన్ల కవర్లు బస్సు ఎక్కేటప్పుడే ఇవ్వండి. ముందే ఇచ్చేస్తే భోజనాల దగ్గరే అందరూ వాట్సాప్‌లో పడతారు.