పొద్దున్నే మడమ నొప్పా? కాలు కింద పెట్టకముందే ఇది చేయండి

మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు గుచ్చినట్టు ఉంటుంది, నాలుగడుగులు నడిస్తే కాస్త సర్దుకుంటుంది. చాలామందిలో ఇది ప్లాంటార్ ఫేషియైటిస్, అంటే మడమ నుంచి వేళ్ల దాకా అరికాలి కింద ఉండే గట్టి పట్టీ లాంటి కణజాలం దెబ్బతిని నొప్పి పెట్టడం. మా అమ్మకి ఫిజియోథెరపిస్టు చెప్పిన పద్ధతి బాగా పనిచేసింది, ఖర్చు కూడా ఏమీ లేదు.

రాత్రే తలగడ పక్కన ఒక తువ్వాలు పెట్టుకోండి. లేవగానే కాళ్లు చాపి కూర్చుని, తువ్వాలును మునివేళ్ల కింద వేసి, మోకాలు వంచకుండా పాదాన్ని మీ వైపు లాగండి. పిక్క సాగుతున్నట్టు తెలియాలి, నొప్పి పుట్టేంత లాగొద్దు. 30 సెకన్లు పట్టి వదలండి, అలా మూడుసార్లు. ఆ తర్వాతే కాలు కింద పెట్టండి.

సాయంత్రం అర లీటరు బాటిల్‌లో ముప్పావు వంతు నీళ్లు పోసి గడ్డ కట్టించి, పలచటి గుడ్డ చుట్టి, కుర్చీలో కూర్చుని అరికాలి కింద 5 నుంచి 10 నిమిషాలు దొర్లించండి. ఇంట్లో గచ్చు మీద, టైల్స్ మీద వట్టి కాళ్లతో తిరగకుండా మెత్తటి చెప్పులు వేసుకోవడం కూడా తప్పనిసరి. అది మానేస్తే మిగతాది ఎంత చేసినా లాభం తక్కువ. ఒక్కరోజులో తగ్గదు, కొన్ని వారాలు పడుతుంది.

షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు ఐస్ జోలికి వెళ్లొద్దు, చర్మం దెబ్బతిన్నా తెలియదు. పడ్డాక మొదలైన నొప్పి, వాపు, తిమ్మిరి, రాత్రి పడుకున్నా తగ్గని పోటు ఉంటే ఇవేవీ చేయకుండా డాక్టర్‌కి చూపించండి.