ఇంట్లో మనిషిని చూసుకుంటూ ఇంగ్లండ్‌లో స్థిరపడుతున్న మనవారికి

రాజాం వైపు నుంచి వర్క్ వీసాపై వచ్చిన ఒక తమ్ముడు, పక్షవాతంతో మంచాన పడిన భార్యను చూసుకుంటూ, ఇక్కడి స్థానిక పాలనా సంస్థ అయిన కౌన్సిల్‌ను సాయం అడిగితే వీసా రద్దవుతుందని ఎవరో చెప్పిన మాట నమ్మి నెలల తరబడి నలిగిపోయాడు. అది చూశాకే ఇది రాస్తున్నాను. మేము వచ్చిన కొత్తలో మా ఆవిడ వెన్ను ఆపరేషన్ తర్వాత లేవలేని స్థితిలో ఉన్నప్పుడు మా ఇంట్లోనూ ఇదే భయం రాజ్యమేలింది. మన టెక్కలిలోనో చీపురుపల్లిలోనో అయితే పిన్నిగారో వదినగారో వచ్చి వంతులు పంచుకుంటారు. ఇక్కడ ఆ వంతుకు మనిషి ఉండడు.

జీపీ, అంటే ఇక్కడి కుటుంబ వైద్యుడి దగ్గర నమోదు, బ్యాంకు ఖాతా మీరు ఎలాగూ చేసుకుంటారు, వాటి జోలికి పోను. వీసా షరతు సంగతి మాత్రం శ్రద్ధగా చదవండి. మీ వీసాలో 'పబ్లిక్ ఫండ్స్', అంటే కొన్ని ప్రభుత్వ భత్యాలు, సాయాలు తీసుకోరాదని ఉంటే, తక్కువ ఆదాయం ఉన్నవారికిచ్చే యూనివర్సల్ క్రెడిట్, కేరర్స్ అలవెన్స్ వంటి భత్యాలకు మీరు దరఖాస్తు చేయకూడదు. కేరర్స్ అలవెన్స్ 2025-26లో వారానికి 83.30 పౌండ్లు, వారానికి కనీసం 35 గంటలు చూసుకునేవారికి ఇచ్చే ఆ డబ్బుకు ఆశపడి షరతు ఉల్లంఘించకండి. అయితే 2014 కేర్ చట్టం కింద, ఇంట్లో పద్దెనిమిదేళ్ళు నిండిన మనిషిని జీతం లేకుండా చూసుకునే మనిషి అవసరాలను కౌన్సిల్ అంచనా వేయడం, అర్హత తేలితే తోడ్పాటు ఇవ్వడం ఆ పబ్లిక్ ఫండ్స్ జాబితాలో లేవు. భత్యం వేరు, ఈ అంచనా వేరు. ఎన్నిసార్లు చెప్పినా మనవాళ్ళు రెండింటినీ ఒకే గాటన కట్టి, అడగవలసింది కూడా అడగకుండా కూర్చుంటారు. ఇది చూస్తే నాకు ఓపిక నశిస్తుంది. అనుమానం తీరకపోతే వాట్సాప్ గ్రూపును కాదు, వీసా సలహాదారులను నియంత్రించే ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీలో నమోదైన సలహాదారును అడగండి.

రోగి తనకు అంచనా వద్దన్నా, చూసుకునే మీకు విడిగా అంచనా కోరే హక్కు ఉంది. వచ్చిన అధికారి ముందు ధైర్యం ప్రదర్శించకండి. మా ఇంటికి వచ్చినావిడ "రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?" అని అడిగితే, పక్కనే ఉన్న మా బంధువు "పర్వాలేదండీ, అలవాటైపోయింది" అన్నాడు, ఆవిడ అదే రాసుకోబోతుంటే నేను ఆపి, రెండు గంటలకు పక్కకు తిప్పడం, నాలుగు గంటలకు బాత్రూమ్‌కు ఎత్తుకెళ్ళడం, ఆరింటికి మందులు, ఏడున్నరకు డ్యూటీకి బస్సు, అన్నీ వరుసగా చెప్పాను. మీరు కూడా ఒక వారంపాటు ఇవన్నీ నోటుబుక్కులో రాసి చేతికివ్వండి. ఇంగ్లీషు ఇబ్బందైతే తెలుగు దుబాసీని ముందే అడగండి. పిల్లల చేత అమ్మ ఒంటి సంగతులు చెప్పించకండి.

ఉద్యోగం విషయం. 2024 ఏప్రిల్ 6 నుంచి, చేరిన మొదటి రోజునుంచే ఇంట్లో మనిషిని చూసుకోవడానికి ఏడాదికి ఒక వారం వేతనం లేని 'కేరర్ సెలవు' హక్కుగా ఉంది. సగం రోజులుగా కూడా వాడుకోవచ్చు, రుజువులు అడగకూడదు. యజమాని తగిన కారణం చూపి వాయిదా వేయగలడు గాని, కాదనలేడు. యజమాని స్పాన్సర్ చేసిన వీసాపై ఉన్నవారు మాత్రం వేతనం లేని గైర్హాజరు అంతా కలిపి ఏడాదిలో నాలుగు వారాలు దాటకుండా చూసుకోవాలి. దాటవలసి వస్తే ముందుగా సలహా తీసుకోండి.

ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది. నాకు తెలిసిన మనవారిలో ఇలా అంచనా అడిగినందుకు వీసా పోయినవారు ఒక్కరూ లేరు. ఆ తమ్ముడి ఇంటికి ఇప్పుడు రోజూ ఉదయం ఒక మనిషి వచ్చి స్నానం చేయించి వెళ్తోంది, అతడు షిఫ్టు దిగి వచ్చి నిద్రపోగలుగుతున్నాడు. కౌన్సిల్ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తీసుకుని ఒక నకలు దగ్గర ఉంచుకోమని అతడికి చెప్పాను, మీకూ అదే చెబుతున్నాను.