నర్సింగ్ ట్యూటర్‌గా చేరే ముందు

నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీలతో అలసిపోయిన స్టాఫ్ నర్సులు కొందరు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే ట్యూటర్ ఉద్యోగం వైపు చూస్తున్నారు. మంచిదే. సంతకం పెట్టే ముందు మాత్రం ఇవి చూసుకోండి.

- రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు తీరిందేమో చూడండి. బెంగళూరులో చదివి వచ్చినవాళ్లు ముందు అక్కడి కౌన్సిల్ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఇక్కడ నమోదు చేయించుకోవాలి.

- బీఎస్సీ నర్సింగ్‌తో ట్యూటర్ వరకే. పైకి వెళ్లాలంటే ఎమ్మెస్సీ తప్పదు.

- ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ అప్పగించొద్దు. చూపించండి, జిరాక్స్ ఇవ్వండి, వెనక్కి తెచ్చేసుకోండి. "లాకర్‌లో భద్రంగా ఉంటాయమ్మా" అంటే నవ్వి వచ్చేయండి. తర్వాత గవర్నమెంట్ పోస్టు పడినా, విదేశాలకు అప్లై చేయాలన్నా ఆ కాగితాల కోసం వాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది. కౌన్సిల్ వాళ్లు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన రోజు కనిపిస్తే చాలు, జీతం ఇస్తామనే కాలేజీలకూ దూరంగా ఉండండి. ఆ అనుభవం కాగితం మీదే, చేతికి రాదు.

- విద్యార్థుల్ని క్లినికల్ పోస్టింగ్‌కు, అంటే వార్డుల్లో పని నేర్చుకోవడానికి, ఏ ఆసుపత్రికి పంపుతారు? వార్డులో వాళ్ల వెంట ఉండేది మీరేనా? ఇంజెక్షన్ తప్పు జరిగితే మొదట అడిగేది పక్కనున్న టీచర్నే. ఒక టీచరుకు పదిమంది విద్యార్థులన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఆ కాలేజీలో ఎంతమందో అడగండి.

- జీతం బ్యాంకులో పడాలి. అపాయింట్‌మెంట్ ఆర్డర్ కాపీ చేతికొచ్చాకే పాత ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి, రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అప్పుడే అడిగి తీసుకోండి.