రక్షణ రంగ రీసెర్చ్ గ్రాంటుకు వేర్వేరు డిపార్ట్‌మెంట్లు కలిసి ప్రపోజల్ ఎలా పెట్టాలి?

1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ ఆర్‌ఈసీ ఇవాళ్టి ఎన్‌ఐటీ. అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ వచ్చింది, 1976లో కాకతీయ యూనివర్సిటీ. ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఆటోలో అరగంట పని. ఇంజినీర్లు, డాక్టర్లు, కెమిస్ట్రీ వాళ్లు ఇంత దగ్గరగా ఉండి కూడా, అందరూ ఒక్క టేబుల్ దగ్గర కూర్చుని రాసిన ప్రపోజళ్లు నేను చూసినవి చాలా తక్కువ. అది నాకు నిజంగా బాధ. అందుకే, ఒకసారి దెబ్బ తిని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు తలుపు ఏదో తెలుసుకోండి

దేశ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ తన ల్యాబుల్లో పని చేసుకోవడంతో ఆగదు, యూనివర్సిటీలకూ గ్రాంట్లు ఇస్తుంది. దానికి నాలుగు రీసెర్చ్ బోర్డులున్నాయి. విమానాలు, ఇంజన్లు, వాటి నిర్మాణం, పదార్థాలు ఏరోనాటిక్స్ బోర్డు చూస్తుంది. ఆయుధాలు, పేలుడు పదార్థాల పని ఆర్మమెంట్ బోర్డుది. సముద్రం, సోనార్ లాంటివి నేవల్ బోర్డువి. మనిషి ఒంటికి, మనసుకు, తిండికి సంబంధించినవి లైఫ్ సైన్సెస్ బోర్డు కిందికి వస్తాయి. ఇవి కాక విద్యాసంస్థల్లో డీఆర్‌డీఓ పెట్టిన సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌లు ఉన్నాయి. మన రాష్ట్రంలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఒకటి, ఐఐటీ హైదరాబాద్‌లో ఒకటి. పెద్ద పని ఒంటరిగా మోయలేమనుకుంటే వాటితో కలిసి నడవొచ్చు.

బోర్డును ఎంచుకునేటప్పుడు టీములో ఎవరు ఎక్కువున్నారని చూడకండి, సమస్య ఎవరిదో చూడండి. నలుగురిలో ముగ్గురు ఇంజినీర్లే అయినా, ఎండలో సైనికుడి ఒంట్లో పెరిగే వేడి గురించి రాస్తుంటే మీరు వెళ్లాల్సింది లైఫ్ సైన్సెస్ బోర్డుకే.

సమస్య చుట్టూ టీమును కట్టండి

అసలు పనంతా ఇక్కడే ఉంది.

మా మొదటి ప్రపోజల్ సైనికుడు తొడుక్కునే చల్లటి జాకెట్ మీద. మెకానికల్ వాళ్లు మూడు పేజీలు, ఎలక్ట్రానిక్స్ వాళ్లు మూడు పేజీలు, ఫిజియాలజీ నుంచి ఒక్క పేజీ. బొంత కుట్టినట్టు కుట్టి పంపాం. వెనక్కొచ్చింది. తర్వాత మా ఫిజియాలజీ డాక్టరుగారు చాయ్ తాగుతూ అడిగిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "సార్, ఇండ్ల నా పనేంది? మీరు జాకెట్ చేస్తరు, నేను నాడి చూసుడేనా? నేను లేకున్నా మీ పని ఆగదు గద."

ఆ రోజే బోర్డు మీద నాలుగు సున్నాలు గీశాం, ఒక్కో డిపార్ట్‌మెంటుకు ఒకటి. ఎవరు ఎవరికి ఏమివ్వాలో బాణాలు వేశాం. ఒక బాణం వచ్చి, ఒక బాణం పోతేనే ఆ సున్నా ఉండాలి. బాణాలు లేని సున్నా చెరిపేయాలి. మీరూ ఇదే చేయండి, ప్రపోజల్ రాయడానికి ముందే.

మా జాకెట్ దగ్గర బాణాలు ఇలా పడ్డాయి. బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్ కింద చెమట ఆరదు. గాలి చర్మం కన్నా వేడెక్కినప్పుడు ఒంట్లో వేడి పోవడానికి చెమట ఆరడం తప్ప వేరే దారి లేదు. కాబట్టి కరుగుతూ వేడిని లాగేసుకునే పదార్థాన్ని లోపల పెట్టాలి. మెకానికల్ ఆయన, "ఎంత చల్లగుంటే అంత మంచిది, 21 డిగ్రీల దగ్గర కరిగేది తీసుకుందాం" అన్నారు. డాక్టరుగారు ఒప్పుకోలేదు. మరీ చల్లటిది తగిలితే చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి, లోపలి వేడి బయటికి రాకుండా అక్కడే చిక్కుకుంటుంది, 28 డిగ్రీల దగ్గర కరిగేదే చూడండి అన్నారు. ఆ మాటతో కెమిస్ట్రీ వాళ్ల పదార్థం మారింది, దాంతో జాకెట్ బరువు మారింది, సెన్సర్ పెట్టే చోటూ మారింది. ఇప్పుడు ఎవరిని తీసేసినా పని ఆగుతుంది. పరీక్షకుడికి కనిపించాల్సింది ఈ ముడే.

రెండు పేజీల నోటు, తర్వాత ల్యాబు

అమెరికాలో ఇలాంటి కలివిడి పరిశోధనకు మ్యూరీ అనే పథకం ఉంది. అక్కడి సైన్యం, నేవీ, ఎయిర్‌ఫోర్స్ రీసెర్చ్ ఆఫీసులు దాన్ని నడుపుతాయి. ముందు చిన్న వైట్ పేపర్ అడిగి, తర్వాతే పూర్తి ప్రపోజల్ తీసుకుంటారు. మనల్ని అడిగినా అడక్కపోయినా ఆ పద్ధతి మంచిది. సమస్య ఏంటి, ఇప్పటిదాకా ఎందుకు తీరలేదు, మనం ఏం చేస్తాం, ఎవరికి పనికొస్తుంది: రెండు పేజీల్లో రాసి, ఆ విషయం మీద పని చేసే డీఆర్‌డీఓ ల్యాబు సైంటిస్టుకు పంపండి. ఒంటి వేడికైతే ఢిల్లీలోని డిపాస్, ఎడారి పరిస్థితులకైతే జోధ్‌పూర్ డిఫెన్స్ ల్యాబొరేటరీ. లోహాలు, క్షిపణుల విషయమైతే కాజీపేటలో పొద్దున రైలెక్కితే చాలు, కంచన్‌బాగ్‌లో డీఎంఆర్‌ఎల్, డీఆర్‌డీఎల్ ఉన్నాయి. ముందుగా అనుమతి తీసుకుని వెళ్లండి. ఫోను లోపలికి రానివ్వరు కాబట్టి చెప్పాల్సింది కాగితం మీద పెట్టుకోండి.

బడ్జెట్

మెషీన్ల జాబితాతో మొదలుపెట్టకండి. థర్మల్ కెమెరా కావాలంటే పక్క క్యాంపస్‌లో ఉందేమో ముందు అడగండి. ఉంటే వాడుకోనిస్తామని వాళ్ల హెడ్‌తో లెటర్ రాయించి జతచేయండి. కొనక తప్పనివాటికి కొటేషన్లు పెట్టండి. ప్రాజెక్టులో పనిచేసే జేఆర్‌ఎఫ్‌కు (జూనియర్ రీసెర్చ్ ఫెలో) నెలకు 37,000, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలో) 42,000, పైన ఇంటి అద్దె భత్యం హెచ్‌ఆర్‌ఏ. 2023 జనవరి నుంచి ఇవే రేట్లు. పాత ప్రపోజల్‌లోని అంకెలు కాపీ కొడితే ఇక్కడే దొరికిపోతారు. ఏ సంస్థకు ఎంత అన్నది విడివిడిగా చూపించండి. ఈ పేజీ రాసేటప్పుడే మొహమాటాలు తీర్చుకోవాలి, శాంక్షన్ అయ్యాక కాదు.

మనుషుల మీద పరీక్షలుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి. కమిటీ మీటింగు ఎప్పుడో ముందే కనుక్కోండి, నెలలు పోయేది అక్కడే. ప్రిన్సిపాల్ లేదా రిజిస్ట్రార్ సంతకానికీ కనీసం వారం ఉంచుకోండి.

ప్యానెల్ ముందు

పీఐ, అంటే ప్రాజెక్టును నడిపించే ముఖ్య పరిశోధకుడు, ఒక్కరే మాట్లాడితే మళ్లీ బొంతలాగే ఉంటుంది. కో-పీఐని (తోటి పరిశోధకుణ్ణి) కూడా రానిస్తే తీసుకెళ్లండి. రానివ్వకపోతే వాళ్ల భాగం మీరు వాళ్లంత బాగా నేర్చుకోండి. రెండోసారి నన్ను అడిగిన మొదటి ప్రశ్న: "ఈ సెన్సర్ చెమటలో నానితే రీడింగ్ ఎంత తేడా వస్తుంది?" ఎలక్ట్రానిక్స్ మేడం అంతకుముందే ఉప్పునీళ్లలో నానబెట్టి కొలిచి ఉంచారు. ఆ చిన్న గ్రాఫ్ చూపించాక ప్రశ్నల తీరే మారిపోయింది.

డబ్బు వచ్చాక

గ్రాంటు విడతలుగా వస్తుంది. యూసీ (ఇచ్చిన డబ్బు ఆ పనికే వాడామని ఇచ్చే యుటిలైజేషన్ సర్టిఫికెట్), ఖర్చుల పట్టిక, ప్రోగ్రెస్ రిపోర్టు పోతేనే తర్వాతి విడత. యూసీ ఫారం జీఎఫ్‌ఆర్ 12-ఎ. బ్యాంకులో పెరిగిన వడ్డీ మనది కాదు, అదీ లెక్క చూపించి తిరిగి కట్టాలి. మార్చి 31 కోసం ఎదురుచూడకుండా జనవరిలోనే అకౌంట్స్ సెక్షన్‌కు బిల్లులు ఇవ్వండి. ఒకసారి కెమిస్ట్రీ బిల్లులు రెండు ఆలస్యమై మా నలుగురి విడతా ఆగింది, జేఆర్‌ఎఫ్ పిల్లవాడు మూడు నెలలు జీతం లేకుండా పనిచేశాడు. అతనికి హనుమకొండలో గది అద్దె ఉంటుందని మనం గుర్తుంచుకోవాలి.

శాంక్షన్ లెటర్‌లో పేపర్లు, పేటెంట్ల మీద షరతులుంటాయి. కాన్ఫరెన్స్‌కు ఏదైనా పంపేముందు ఎవరికి చూపించాలో అక్కడే రాసి ఉంటుంది. ఆ పేజీ జిరాక్స్ తీసి, నాలుగు ల్యాబుల్లోనూ జేఆర్‌ఎఫ్‌లు కూర్చునే చోట గోడకు అంటించండి.