ఇద్దరు గార్డులు, ఒకటే బంతి: ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

చెన్నైలో ఓఎంఆర్ రోడ్డు ఐటీ కంపెనీల ఆదివారం బాస్కెట్‌బాల్ మ్యాచ్‌లైనా, తాంబరం దాటాక ఉన్న ఇంజనీరింగ్ కాలేజీల్లో మన కుర్రాళ్ల జట్లయినా ఫిర్యాదు ఒకటే. గార్డులిద్దరూ (బంతిని ముందుకు తెచ్చే ఆటగాళ్లు) విడివిడిగా బాగా ఆడతారు, కలిపి దింపితే జట్టు కదలదు. ఒకడు షాట్లు కొట్టేవాడు, ఇంకొకడు పాస్‌లతో మిగతావాళ్లని ఆడించేవాడు. ఎవరు పాయింట్ గార్డో, ఎవరు షూటింగ్ గార్డో తేల్చేస్తే గొడవ తీరిపోతుందని చాలామంది అనుకుంటారు. తీరదు. తేలాల్సింది, షాట్ కొట్టడానికి ఉన్న 24 సెకన్లలో (అదే షాట్ క్లాక్) బంతి ఎప్పుడు ఎవరి చేతిలో ఉండాలన్నది.

మందు వేసే ముందు ఒక మ్యాచ్ రాసుకోండి. బెంచి మీద ఒకరికి నోట్‌బుక్ ఇచ్చి, బంతి మన చేతికొచ్చిన ప్రతిసారీ నాలుగు సంగతులు రాయించండి: రీబౌండ్ (తప్పిన షాట్ బంతిని పట్టుకోవడం) తర్వాత మొదటి పాస్ ఎవరికి వెళ్లింది, మొదటి స్క్రీన్ (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడటం) పడేసరికి క్లాక్‌లో ఎంత మిగిలింది, షాట్‌కి ముందు కొట్టేవాడు ఎన్ని డ్రిబుల్స్ వేశాడు, చివరికి ఏమైంది. షాట్ క్లాక్ లేని టోర్నీ అయితే ఫోన్‌లో వీడియో తీసి తర్వాత లెక్కపెట్టండి. రెండు క్వార్టర్లు రాస్తే చాలు, జబ్బు ఏదో తెలిసిపోతుంది.

సమస్య 1: క్లాక్ 10కి దిగినా ఆట మొదలవదు

కారణం: రీబౌండ్ పడగానే ఇద్దరూ బంతి వైపే వస్తారు. "అన్నా, ఇటివ్వు" అని రెండు గొంతులు. ఎవరికో ఒకరికి అందుతుంది, రెండోవాడు పక్కనే నడుస్తూ వస్తాడు. ఎదుటి జట్టుకి వెనక్కి పరిగెత్తి సర్దుకునేంత సమయం దొరుకుతుంది.

పరిష్కారం: మొదటి పాస్ ఎప్పుడూ ఆడించేవాడికే. కొట్టేవాడు వెనక్కి చూడకుండా సైడ్‌లైన్ పట్టుకుని ఎదుటి కార్నర్ (కోర్టు మూల) దాకా పరిగెత్తాలి. నిబంధన ప్రకారం సగం గీత దాటడానికి 8 సెకన్లు ఉంటాయి, మీరు 4లో దాటండి. క్లాక్‌లో 18 కనిపించేసరికి మొదటి స్క్రీన్ పడాలి. ఒక మినహాయింపు పెట్టుకోవచ్చు: రీబౌండ్ కొట్టేవాడి చేతిలోనే పడి, ముందు దారి ఖాళీగా ఉంటే అతనే తీసుకుపోవాలి. అప్పుడు కార్నర్‌కి పరిగెత్తే పని ఆడించేవాడిది.

బంతి చేతిలో లేకపోతే పాయింట్లు ఎలా వస్తాయని కొట్టేవాడు అలుగుతాడు. అతనికి అమెరికా ఎన్‌బీఏ లీగ్ గార్డు క్లే థాంప్సన్ లెక్క చెప్పండి. 2016 డిసెంబర్‌లో ఇండియానా మీద 29 నిమిషాల్లో 60 పాయింట్లు కొట్టాడు. మ్యాచ్ మొత్తంలో వేసిన డ్రిబుల్స్ 11.

సమస్య 2: నాలుగో క్వార్టర్‌లో షాట్లన్నీ రింగు ముందు అంచుకే తగులుతాయి

కారణం చేతుల్లో లేదు, కాళ్లలో ఉంది. మే నెల ఉదయం తొమ్మిదింటికే సిమెంటు కోర్టు సెగలు కక్కుతుంటే, ప్రెస్‌ని (కోర్టంతా మీదపడి కాసే డిఫెన్స్‌ని) ఛేదించి బంతి పైకి తెచ్చేదీ, ఎదుటివాళ్ల మంచి గార్డుని కాసేదీ, షాట్లు కొట్టేదీ ఒకడే అయితే ఇంకేం మిగులుతుంది?

పరిష్కారం: ప్రెస్ పడినప్పుడు కొట్టేవాడు వెనక్కి రాకూడదు. ఆడించేవాడు ఫ్రీ త్రో గీతకి కిందే బంతి అందుకోవాలి, పొడుగు ఆటగాడు ఒకడు కోర్టు మధ్యకి రావాలి, కొట్టేవాడు సగం గీత దగ్గర సైడ్‌లైన్ పక్కన ఆగాలి. ఆడించేవాడు సగం గీత దాటగానే మూలలో ఆగిపోకూడదు. అక్కడ సైడ్‌లైన్ ఒకవైపు మూసేస్తుంది, బంతిని వెనక్కి తీసుకుపోకూడదు కాబట్టి గీత రెండోవైపు మూసేస్తుంది, ఇద్దరు మీదపడితే పాస్‌కి దారుండదు. డిఫెన్స్‌లో కూడా ఎదుటి మంచి గార్డుని మొదటి మూడు క్వార్టర్లు ఆడించేవాడే కాయాలి.

సమస్య 3: ఆడించేవాణ్ణి వదిలేసి, కొట్టేవాడి మీద ఇద్దరు పడతారు

ఎక్కువ జట్లు ఓడేది ఇక్కడే. ఆడించేవాడికి బయటి షాట్ లేదని ఎదుటి జట్టు రెండో క్వార్టర్‌కల్లా పసిగడుతుంది. అతన్ని కాయాల్సినవాడు పెయింట్‌లోకి (రింగు కింది చోటులోకి) జారిపోయి, కొట్టేవాడు లోపలికి రాగానే రెండో మనిషిగా తగులుకుంటాడు. అప్పుడు బెంచి నుంచి "నువ్వూ కొట్టరా" అని అరుస్తారు. షాట్ లేనివాడు మ్యాచ్ మధ్యలో నేర్చుకుని కొట్టలేడు. మార్చాల్సింది అతను నిలబడే చోటు.

కొట్టేవాడికి ఒక్క పాస్ దూరంలో, అదే వైపు అతన్ని నిలబెట్టకండి. అక్కడుంటే అతని మనిషి రెండడుగులు జరిగి ఇద్దరినీ కాసేయగలడు. దానికి బదులు అతన్నే స్క్రీనర్‌గా వాడండి. కొట్టేవాడు స్క్రీన్ దాటి బయటికి వచ్చినప్పుడు ఎదురుపడాల్సింది ఆడించేవాణ్ణి కాసేవాడే. వాడేమో పెయింట్‌లో ఉన్నాడు. దూరం జరగడం వాళ్ల ఎత్తు కదా, ఆ దూరమే మన షాట్‌కి ఖాళీ అవుతుంది.

హ్యాండాఫ్‌ది (బంతిని చేతి నుంచి చేతికి అందించడం) కూడా ఇదే సూత్రం. ఆడించేవాడు డ్రిబుల్ చేస్తూ కొట్టేవాడి వైపు వెళ్లాలి. రెండు కాళ్ల మీద ఆగి, వీపు డిఫెండర్‌కి పెట్టి, బంతిని నడుము పక్కన పట్టుకోవాలి. కొట్టేవాడు భుజానికి భుజం రాసుకునేంత దగ్గరగా దాటుతూ అందుకోవాలి. మధ్యలో చెయ్యి పట్టేంత సందున్నా డిఫెండర్ దూరిపోతాడు. బంతి ఇచ్చాక ఆడించేవాడు తుంటి జరిపితే, కాలు చాపితే అఫెన్సివ్ ఫౌల్. మ్యాచ్‌కి రెండుమూడు ఇలాగే పోతాయి, రెఫరీని తిట్టి లాభం లేదు.

జట్టులో సగం తెలుగు, సగం తమిళం అయితే స్క్రీన్ పిలుపులు గొంతుతో వద్దు. పిడికిలి ఎత్తితే స్క్రీన్, చెయ్యి తెరిస్తే హ్యాండాఫ్. ఇండోర్ స్టేడియం గోలలో కూడా పనిచేస్తుంది.

నెలల మీద చూస్తే షాట్ కూడా నేర్పాల్సిందే, కానీ ఒక్క చోటు నుంచే: కార్నర్. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కోర్టులో మూడు పాయింట్ల గీత రింగుకి ఎదురుగా 6.75 మీటర్ల దూరమైతే కార్నర్‌లో 6.60. రెండు కార్నర్లలో రోజుకి యాభై చొప్పున, పాస్ అందుకుని నేరుగా కొట్టే షాట్లే వేయించండి. డ్రిబుల్ వేసి కొట్టేవి ఇప్పుడే వద్దు.

సమస్య 4: ఒకడు బెంచికి వెళితే ఆధిక్యం కరిగిపోతుంది

కారణం: అలసిపోయారని ఇద్దరినీ ఒకేసారి కూర్చోబెడుతున్నారు.

పరిష్కారం: 40 నిమిషాల మ్యాచ్‌లో ఇలా పంచండి. మొదటి క్వార్టర్ మొదటి 6 నిమిషాలు ఇద్దరూ. చివరి 4 నిమిషాలు కొట్టేవాడికి విశ్రాంతి. రెండో క్వార్టర్ మొదటి 4 నిమిషాలు కొట్టేవాడు లోపల, ఆడించేవాడు బయట. మిగతా 6 మళ్లీ ఇద్దరూ. రెండో సగమూ ఇంతే. ఒక్కొక్కరికి 32 నిమిషాల ఆట, కలిసి 24. క్వార్టర్ల మధ్య 2 నిమిషాల విరామం కలుపుకుంటే ఎవరికైనా ఒక్కసారికి 6 నిమిషాల ఊపిరి. కొట్టేవాడు ఒంటరిగా ఉన్న ఆ 4 నిమిషాలూ బంతి పైకి తేగల ఫార్వర్డ్ ఒకడు పక్కన ఉండాలి, లేకపోతే రెండో సమస్యే మళ్లీ వస్తుంది.

సమస్య 5: పాస్‌లు బాగానే వెళుతున్నాయి, అసిస్టులు (బుట్టలో పడే షాట్‌కి దారితీసే పాస్‌లు) లేవు

పాస్ మోకాలి ఎత్తులో అందుతోందేమో చూడండి. వంగి తీసుకునేలోపు డిఫెండర్ వచ్చేస్తాడు. పాస్ ఛాతీకీ నడుముకీ మధ్య, కొట్టే చేతి వైపు పడాలి. చెమటకి బంతి జారుతుంది కాబట్టి టవల్ బెంచి మీద కాకుండా స్కోరర్ టేబుల్ పక్కన పెట్టుకోండి. పాస్ సరిగ్గానే ఉంటే తప్పు అందుకునేవాడిది: ఊరికే రెండు డ్రిబుల్స్ వేసి గాని కొట్టడు.

సమస్య 6: చివరి నిమిషంలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు

వెనకబడి ఉంటే, ఆ రోజు ఎవరి మీద బలహీనమైన డిఫెండర్ ఉన్నాడో బంతి వాడికివ్వాలి. స్థానం పేరు చూడక్కర్లేదు. ఎన్‌బీఏలో డెట్రాయిట్ పిస్టన్స్ వరుసగా గెలిచిన రెండేళ్లలో ఫైనల్స్ ఉత్తమ ఆటగాడు 1989లో జో డూమార్స్, 1990లో ఐజయా థామస్, ఇద్దరూ గార్డులే. ముందంజలో ఉంటే లెక్క వేరు. ఎదుటి జట్టుకి ఆ క్వార్టర్‌లో నాలుగు ఫౌల్స్ అయిపోతే, అయిదో దాని నుంచి మనకి రెండేసి ఫ్రీ త్రోలు. కావాలనే ఫౌల్ చేస్తారు కాబట్టి, ఇద్దరిలో ఫ్రీ త్రోలు ఎక్కువ వేసేవాడి చేతికే ఇన్‌బౌండ్ పాస్ (గీత బయటి నుంచి వేసేది) వెళ్లాలి. ఎవరో టైమ్‌అవుట్‌లోనే పేరు పెట్టి చెప్పండి, రెండోవాణ్ణి దూరంగా ఎదుటి కార్నర్‌కి పంపండి.