“వెళ్దాంలే” అనేవాళ్లను కదిలించడం ఎలా?

పర్యాటక సంస్థలకు ప్రచార రాతలు రాసి బతికినవాణ్ణి కాబట్టి చెబుతున్నా: విదేశీయులను పిలవడం తేలిక, సొంత దేశం వాళ్లను ఇల్లు కదిలించడమే కష్టం. పోస్టర్ చూసి “బాగుంది, ఎప్పుడో వెళ్దాంలే” అంటారు. మన తంటా అంతా ఆ “లే”తోనే.

అందుకని “అందాల లోయ” లాంటి మాటలు పక్కన పెట్టండి. శుక్రవారం రాత్రి ఏ రైలు ఎక్కాలి, ఎక్కడ దిగాలి, ఆదివారం ఎన్నింటికి ఇల్లు చేరతారు, ఇవి రాయండి. పిల్లలతో వెళ్లేవాళ్లకి మరుగుదొడ్డి ఎక్కడుందో కూడా.

ప్రచారం మొదలెట్టే ముందు మామూలు మనిషిలా ఒకసారి వెళ్లి రండి. నేను వెళ్లలేదు. జలపాతం ఫోటో వానాకాలంలో తీసింది, పోస్టర్ వేసింది ఎండాకాలంలో. వెళ్లినవాళ్లకి తడి బండ ఒకటి కనిపించింది. తిడదామని పోస్టర్ మీది నంబరుకి ఫోన్ చేస్తే, శని, ఆదివారాలు ఆఫీసుకి సెలవు! సోమవారం పొద్దున్న ఆ ఫోన్లన్నీ ఎత్తింది నేనే. అప్పట్నుంచి ప్రతి ఫోటో వెనక తీసిన నెల రాసుకుంటాను.

రాయితీ పనిచేస్తుంది. 2020లో థాయ్‌లాండ్ సొంత పౌరుల హోటల్ గది అద్దెలో 40 శాతం ప్రభుత్వమే భరించే పథకం పెట్టింది. మీ దగ్గర అంత డబ్బు లేకపోతే ఉన్నది మంగళ, బుధవారాలకే పెట్టండి. శనివారం ఎలాగూ నిండుతుంది.

నాకు బాగా నచ్చింది న్యూజిలాండ్ పద్ధతి. సరిహద్దులు మూసేసిన 2020లో వాళ్ల పర్యాటక సంస్థ “డూ సమ్‌థింగ్ న్యూ” అంటూ సొంత జనాన్ని ఇంతవరకు చేయనిది ఏదైనా చేయమంది. మరుసటి ఏడాది, అందరూ ఒకే చోట ఒకే భంగిమలో ఫోటోలు దిగడాన్ని ఆటపట్టిస్తూ వీడియో వదిలింది. నవ్విస్తూనే జనాన్ని కొత్త చోట్లకి మళ్లించే ఉపాయం. మీరు చేస్తే మాత్రం, కొత్త చోటికి పంపే ముందు అక్కడివాళ్లని అడగండి. పదిమందికి సరిపోయే దారిలో వెయ్యిమందిని దించితే ఊరు తిరగబడుతుంది.

ఫలితం చూసుకోవడానికి లైకులు లెక్కపెట్టకండి, మా పోస్టర్‌కీ బోలెడు వచ్చాయి. హోటల్ వాళ్లకి ఫోన్ చేసి, పోయిన మంగళవారం ఎన్ని గదులు నిండాయో కనుక్కోండి.